ఎక్స్‌పీ లోపలి పనితనం: ఏది తీయాలి, ఏది ముట్టుకోకూడదు

పాత సిస్టమ్ స్లో అయిపోయిందని ఎవరితో అన్నా మన దగ్గర ఠక్కున వచ్చే సలహా ఒకటే: ఫార్మాట్ కొట్టేయండి. సీ డ్రైవ్ తుడిచేసి, సీడీ పెట్టి, ఓఎస్ మళ్లీ వేసి, డ్రైవర్లు ఎక్కిస్తే సాయంత్రానికల్లా సిస్టమ్ కొత్తదానిలా పరిగెడుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది. చాలా ఏళ్లు నేనూ అదే చేశాను. విండోస్ ఎక్స్‌పీని తుడిచేయడం మాని, లోపలికి తొంగిచూసి బాగుచేసుకోవడం మొదలుపెట్టాక నా అభిప్రాయం పూర్తిగా మారింది. ఈ ఓఎస్‌ను కట్టినవాళ్లు వేగం గురించి మనకంటే ఎంతో లోతుగా ఆలోచించారు. చాలాసార్లు మనం చేయవలసిందల్లా వాళ్ల పనికి అడ్డొచ్చినవాటిని పక్కకు తీయడమే. ఏది అడ్డమో ఏది ఆధారమో తెలియక ఆధారాన్నే పీకేస్తున్నాం. అందుకే ఆ పనితనాన్ని కాస్త దగ్గరగా చూపించాలనిపించింది.

నా బల్ల మీద ఇప్పటికీ ఒక ఎక్స్‌పీ సిస్టమ్ ఉంది. పెంటియం 4 ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్‌డిస్క్. దాన్ని ఉంచుకున్నది అభిమానం కొద్దీ మాత్రమే కాదు. పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పుస్తకాల ఫైళ్లు అందులో ఉన్నాయి. యూనికోడ్ తెలుగు అందరికీ అలవాటు కాకముందు మన శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు ఎన్నో ఇలాంటి జోడీ మీదే తయారయ్యాయి. ఆ ఫైళ్లను అవి పుట్టిన చోటే తెరిస్తే అక్షరం చెదరదు, పేజీ జరగదు. కొత్త సిస్టమ్‌లో తెరవబోతే ఒత్తులు ఒక చోట, గుణింతాలు ఒక చోట పడిన సందర్భాలు డీటీపీ చేసినవాళ్లందరికీ తెలుసు. కాబట్టి ఈ పాత యంత్రం నడవాలి, విసుగు పుట్టించకుండా నడవాలి.

ఎక్స్‌పీ 2001 అక్టోబర్ 25న మార్కెట్‌లోకి వచ్చింది. అంతకుముందు ఇళ్లలో వాడిన విండోస్ 98, ఎంఈలు డాస్ పునాది మీద లేచినవి. ఆఫీసుల్లో వాడిన ఎన్‌టీ, 2000లది వేరే పునాది, గట్టి పునాది. ఎక్స్‌పీతో ఆ గట్టి పునాదే మామూలు ఇళ్లకూ వచ్చింది. కంపెనీ చెప్పిన కనీస అవసరం 233 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్, 1.5 జీబీ డిస్క్ జాగా. ర్యామ్ 128 ఎంబీ ఉంటే మంచిదన్నారు. ఇవాళ మామూలు ఫోన్‌తో తీసిన ఓ ఇరవై ఫొటోలు కలిపితే 64 ఎంబీ దాటిపోతుంది. అంత ఇరుకు ఇంట్లో సంసారం నడిపించాల్సి వచ్చినవాళ్లు ప్రతి గింజా లెక్కపెట్టుకుని కట్టారు. ఆ లెక్క నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించిన చోటు ప్రీఫెచ్.

తిరిగే హార్డ్‌డిస్క్‌కు ఒక పెద్ద బలహీనత ఉంది. వరసగా ఉన్నదాన్ని అది చకచకా చదువుతుంది. కానీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగాలంటే లోపలి చేయి కదలాలి, పళ్లెం తిరిగి కావలసిన భాగం దాని కిందికి రావాలి. అలాంటి ఒక్కో కదలికకు సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. వంద చోట్లకు తిరిగితే ఒక సెకను పోయినట్టే. ఒక ప్రోగ్రామ్ తెరుచుకునేటప్పుడు తనకు కావలసిన ముక్కలను ఒక్కొక్కటిగా, గుర్తొచ్చినప్పుడల్లా అడుగుతుంది. ఆ ముక్కలు డిస్క్ నిండా చెల్లాచెదురుగా ఉంటాయి. పాత సిస్టమ్ ఆన్ చేయగానే మనకు వినిపించే గరగర శబ్దం ఈ తిరుగుడుదే.

ఇంట్లో వ్రతం పెట్టుకున్నామనుకోండి. పీటల మీద కూర్చున్నాక పసుపు ఏది, తమలపాకులు ఏవి, అగ్గిపెట్టె ఎక్కడ అంటూ ఒక్కొక్కటీ లోపలి నుంచి తెప్పించుకుంటూ ఉంటే పూజ ముందుకు సాగదు. ఒకసారి జరిపించి చూసిన ఇల్లాలు రెండోసారికి ఏది ముందు కావాలో, ఏది తర్వాత కావాలో ఆ వరసలోనే పళ్లెంలో సర్ది పెడుతుంది. ఎక్స్‌పీలో ప్రీఫెచర్ చేసేది సరిగ్గా ఇదే. ఒక ప్రోగ్రామ్ తెరిచినప్పుడు మొదటి 10 సెకన్లలో అది ఏ ఫైళ్లలోని ఏ ముక్కలను అడిగిందో గమనించి చిన్న చిట్టా రాసుకుంటుంది. మర్నాడు అదే ప్రోగ్రామ్ మీద డబుల్ క్లిక్ చేయగానే, అది అడగకముందే ఆ చిట్టా చూసి ముక్కలన్నీ ఒక్క ఊపులో ర్యామ్‌లోకి తెచ్చి పెడుతుంది.

ఆ చిట్టాలను మనం కళ్లారా చూడొచ్చు. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో ప్రీఫెచ్ ఫోల్డర్. తెరిస్తే ప్రతి ప్రోగ్రామ్ పేరుతో ఒక ఫైలు. పేరు తర్వాత ఒక గీత, ఆ తర్వాత అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక గుర్తు, చివర పీఎఫ్. ఆ గుర్తు ఊరికే పెట్టింది కాదు. ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ చిరునామా నుంచి లెక్కగట్టి తీసింది. ఒకే పేరున్న ప్రోగ్రామ్ రెండు చోట్ల ఉంటే దేని చిట్టా దానికి విడిగా ఉంటుందన్నమాట. వీటి మధ్య ఎన్‌టీఓఎస్‌బూట్ అని మొదలయ్యే ఫైలు ఒకటి కనిపిస్తుంది. అది సిస్టమ్ బూట్ అయ్యే వరసకు చెందిన చిట్టా. ఇంకోటి లేఅవుట్.ఐఎన్ఐ. దీన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. బూట్‌కూ ప్రోగ్రామ్‌లకూ కావలసిన ఫైళ్లన్నీ వాడుక వరసలో బారుగా రాసి ఉంటాయి. సుమారు మూడు రోజులకోసారి, మనం సిస్టమ్‌ను కదపకుండా వదిలేసిన సమయం చూసుకుని, ఎక్స్‌పీ తనంతట తనే డీఫ్రాగ్‌ను పిలిచి, ఈ జాబితాలోని ఫైళ్లను డిస్క్ మీద ఆ వరసలోనే పక్కపక్కన పేరుస్తుంది. చిట్టా రాయడం ఒక పని అయితే, ఆ చిట్టా ప్రకారం కొట్టుగదినే తిరగ సర్దుకోవడం ఇంకో పని. మనం టీ తాగి వచ్చేలోపు, చడీచప్పుడు లేకుండా జరిగిపోయే పని. ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు ఆ ఫైలును అలా కిందికి జరుపుతూ చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు బాధ కలిగించే మాట. ఎక్స్‌పీని స్పీడ్ చేసే చిట్కాలంటూ ఎక్కువగా ప్రచారమైన వాటిలో ఒకటి: ప్రీఫెచ్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ వారానికోసారి డిలీట్ చేయండి. ఇది నేర్చిన పాఠాన్ని చెరిపేయడమే. డిలీట్ చేసిన తర్వాత వచ్చే మొదటి బూట్ నెమ్మదిస్తుంది, ప్రతి ప్రోగ్రామ్ మొదటిసారి తెరుచుకోవడం నెమ్మదిస్తుంది, చిట్టాలన్నీ మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి. చెత్త పేరుకుపోతుందన్న భయం కూడా అక్కర్లేదు. చిట్టాల సంఖ్య 128 దాటి పోకుండా ఎక్స్‌పీయే చూసుకుంటుంది. ఇలాంటిదే రెండో చిట్కా, సర్వీసుల్లో టాస్క్ షెడ్యూలర్‌ను ఆపేయమనడం. "మనం ఏ పనినీ షెడ్యూల్ చేయలేదు కదా" అనిపిస్తుంది. కానీ ఎక్స్‌పీలో ఈ చిట్టాలు రాసే పని నడిచేది ఆ సర్వీసు మీదే. దాన్ని ఆపితే ప్రీఫెచ్ పడకేస్తుంది, ఎందుకు నెమ్మదించిందో ఎవరికీ అంతుపట్టదు.

ర్యామ్ ఖాళీ చేసే సాఫ్ట్‌వేర్‌లదీ ఇదే తీరు. బటన్ నొక్కగానే ఖాళీ ర్యామ్ అంకె పెరుగుతుంది, మనసుకు హాయిగా ఉంటుంది. అది ఎలా పెరిగింది? ఆ సాఫ్ట్‌వేర్ తాను బోలెడు ర్యామ్ అడిగి, మిగతా ప్రోగ్రామ్‌లను డిస్క్ మీదికి నెట్టి, తర్వాత తాను తీసుకున్నది వదిలేసింది. నెట్టినవి మళ్లీ కావలసినప్పుడు డిస్క్ గరగరలాడుతుంది. విండోస్ లోతుపాతులు తెలిసిన మార్క్ రుసినోవిచ్ ఈ మోసాన్ని అప్పట్లోనే విడమరిచి రాశాడు. ఇంటర్నెట్ వేగంలో 20 శాతాన్ని విండోస్ దాచుకుంటుందని, ఒక సెట్టింగ్ సున్నా చేస్తే అది మన సొంతమవుతుందని మరో ప్రచారం. ఆ వాటా కోసం ప్రత్యేకంగా అడిగే ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడే దానికి అర్థం ఉంటుంది, లేనప్పుడు మొత్తం మనదే. ఇక డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి నాలుగుసార్లు రిఫ్రెష్ కొట్టే అలవాటు మన దేశంలో దాదాపు ప్రతి కంప్యూటర్ క్లాసులోనూ నేర్చుకున్నదే. అది ఐకాన్లను మరోసారి గీస్తుంది, అంతే. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ దానితో పనిలేదు.

ఇంతకీ సిస్టమ్ నిజంగా ఎందుకు నెమ్మదిస్తుంది? స్టార్టప్‌లో పేరుకున్న ప్రోగ్రామ్‌లు ఒక కారణం, నిండిపోయిన డిస్క్ ఇంకో కారణం. వాటి సంగతి తర్వాత. ముందు చాలామంది మెకానిక్‌లు కూడా చూడకుండా వదిలేసే ఒక కారణం చెప్పాలి, ఎందుకంటే ఇది సరిచేస్తే వచ్చే తేడా మిగతావన్నీ కలిపినా రాదు.

నా సిస్టమ్ ఒకప్పుడు పూర్తిగా మొరాయించింది. పాట పెడితే తెగితెగి వినిపించేది. పెద్ద ఫైలు కాపీ పెడితే మౌస్ బాణం కూడా ఈడ్చుకుంటూ కదిలేది. వైరస్ అనుకున్నాం, ర్యామ్ పోయిందనుకున్నాం. ఒక రిపేరు షాపులో చూపిస్తే హార్డ్‌డిస్క్ పోయింది, కొత్తది వేయాలి అన్నారు. చివరికి డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్ల కింద ప్రైమరీ ఐడీఈ ఛానెల్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే అసలు సంగతి ఒక్క లైనులో రాసి ఉంది: కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర పీఐఓ మోడ్ అని. ఆ స్థానంలో అల్ట్రా డీఎంఏ మోడ్ 5 ఉండాలి.

రెండింటికీ తేడా ఇది. డీఎంఏలో డిస్క్ నుంచి వచ్చే సమాచారం నేరుగా ర్యామ్‌లోకి చేరుతుంది, ప్రాసెసర్ తన పని తాను చేసుకుంటుంది. పీఐఓలో ప్రతి చిటికెడూ ప్రాసెసర్ తన చేత్తో ఎత్తి పోయాలి. డీఎంఏ మోడ్ 5 దారి సెకనుకు 100 ఎంబీ దాకా మోయగలదు. పీఐఓలో మెరుగైన మోడ్ 4 అయినా 16.6 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, పైగా అంతసేపూ ప్రాసెసర్ కూలిపనిలోనే ఉంటుంది. పాట తెగడానికీ మౌస్ ఈడ్చుకుపోవడానికీ కారణం అదే.

మరి ఎక్స్‌పీ ఎందుకు ఇలా దిగజారింది? ఇక్కడే కట్టినవాళ్ల జాగ్రత్త కనిపిస్తుంది. డిస్క్‌తో మాట్లాడేటప్పుడు సమాచారం చెడిపోయి వచ్చినా, జవాబు రాక సమయం దాటిపోయినా డ్రైవర్ ఆ తప్పును లెక్కలో రాసుకుంటుంది. తప్పులు ఆరు అయితే ఒక మెట్టు నెమ్మదైన మోడ్‌కు దిగుతుంది. అప్పటికీ తప్పులు ఆగకపోతే ఇంకో మెట్టు, ఇంకో మెట్టు, చివరికి పీఐఓ. వేగంగా వెళ్లి మన ఫైలు పాడుచేయడం కంటే మెల్లగా వెళ్లి భద్రంగా చేర్చడం మేలని తీసుకున్న నిర్ణయం అది. నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. గతుకుల రోడ్డు మీద వేగం తగ్గించే డ్రైవర్‌నే మనం మంచి డ్రైవర్ అంటాం. లోపం ఒక్కటే, రోడ్డు బాగుపడినా వేగం మళ్లీ దానంతట అది పెరగదు. కేబుల్ వదులైనందుకో, స్టాండ్‌బై నుంచి లేచేటప్పుడు డిస్క్ ఆలస్యంగా పలికినందుకో ఎప్పుడో పడిన ఆరు తప్పులకు సిస్టమ్ ఏళ్ల తరబడి నెమ్మదిగానే నడుస్తూ ఉంటుంది.

సరిచేయడం సులువు. ముందు క్యాబినెట్ విప్పి డిస్క్ కేబుల్ తీసి గట్టిగా మళ్లీ పెట్టాలి, నలిగి ఉంటే మార్చాలి. ఇక్కడ కేబుల్ రకం కూడా చూడాలి. వెడల్పు ఒకటే అయినా 40 తీగల కేబుల్ వేరు, సన్నని గీతలతో కనిపించే 80 తీగల కేబుల్ వేరు. వేగమైన మోడ్‌లకు 80 తీగలదే కావాలి. తర్వాత డివైస్ మేనేజర్‌లో ఆ ప్రైమరీ ఐడీఈ ఛానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయాలి. ఎక్స్‌పీ దాన్ని కొత్తగా కనిపెట్టి, పాత తప్పుల లెక్క లేకుండా పూర్తి వేగంతో మొదలుపెడుతుంది. మళ్లీ కొన్నాళ్లకు పీఐఓకు దిగితే అప్పుడు మాత్రం డిస్క్‌నే అనుమానించాలి, ముందు ఫైళ్లు కాపీ తీసుకోవాలి. నా సిస్టమ్‌లో నలిగిన కేబుల్ మార్చి ఛానెల్ తీసి వేశాక అదే డిస్క్ తిరిగి పరుగెత్తింది. కొత్త డిస్క్ కొనే పని పడలేదు.

ఇక రూపం సంగతి. ఎక్స్‌పీ ముఖచిత్రం లూనా. నీలం, ఆలివ్ ఆకుపచ్చ, వెండి, మూడు రంగుల్లో వచ్చింది. కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్, అడ్వాన్స్‌డ్, పర్ఫార్మెన్స్ సెట్టింగ్స్ తెరిస్తే అలంకారాలన్నీ విడివిడిగా టిక్కులతో వరుసగా కనిపిస్తాయి. మెనూ కింద నీడ, మౌస్ బాణం కింద నీడ, విండో మూసేటప్పుడు కదలిక, లాగేటప్పుడు లోపలి బొమ్మ, ఇలా. ఒక్కో నగనూ విడిగా తీసిపెట్టుకునేలా అమర్చడం నాకు ఎంతో నచ్చే విషయం. చాలామంది ఇక్కడ "బెస్ట్ పర్ఫార్మెన్స్" నొక్కి అన్నీ ఒక్కసారే ఊడ్చేస్తారు. అలా చేస్తే అక్షరాల అంచులు నునుపు చేసే టిక్కు కూడా పోతుంది. ఇంగ్లీషు చదివేవారికి అది పెద్ద నష్టం కాకపోవచ్చు. తెలుగుకు మాత్రం నష్టమే. తలకట్టు, దీర్ఘం, కింద ఒత్తు, అన్నీ వంపులున్న లిపి మనది. ఆ వంపులు మెట్లు మెట్లుగా విరిగితే చిన్న సైజులో ఏ ఒత్తో పోల్చుకోవడం కష్టం. కాబట్టి నీడలు, కదలికలు తీసేయండి, అక్షరాల నునుపు ఉంచండి. ఎల్‌సీడీ మానిటర్ అయితే డిస్‌ప్లేలో అప్పియరెన్స్, ఎఫెక్ట్స్ లోకి వెళ్లి క్లియర్‌టైప్ ఎంచుకోండి. ఎక్స్‌పీలో అది ఉంది గానీ మొదట ఆపి ఇచ్చారు. ప్రతి చుక్కలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలను విడిగా వెలిగించి అడ్డంగా అక్షరాన్ని మరింత సన్నగా చెక్కే పద్ధతి అది. గౌతమి ఫాంట్‌లో ఒక పేరా తెరిచి ముందూ తర్వాతా చూడండి, నేను చెప్పాల్సిన పని ఉండదు.

గౌతమి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. విండోస్‌లో తెలుగు లిపికి చోటు దొరికింది ఎక్స్‌పీతోనే. గోదావరి పాయ పేరున్న ఈ ఫాంట్ దానితో పాటే వచ్చింది. కాకపోతే తెలుగు సరిగా కనిపించాలంటే రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో సంక్లిష్ట లిపుల ఫైళ్ల టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ నుంచి వేసుకోవాలి. ఇది చేసుకున్నాక స్టార్టప్ శుభ్రం చేసేటప్పుడు మనవాళ్లకు ఒక ప్రమాదం పొంచి ఉంది. స్పీడ్ చిట్కాలన్నీ సీటీఎఫ్‌మోన్ అనే ప్రోగ్రామ్‌ను అనవసరమని తీసేయమంటాయి. ఒక్క భాషలోనే టైప్ చేసేవాడికి అనవసరమే. తెలుగు కీబోర్డు వాడేవారికి, ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారే భాషా పట్టీని చూపేది అదే. దాన్ని ఉంచండి. అను స్క్రిప్ట్ మేనేజర్ వాడేవారు దాన్నీ ఉంచండి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిచి ప్రింటర్ కంపెనీల అప్‌డేటర్లు, పాటల ప్లేయర్ల తొందర లోడర్లు, మెసెంజర్లు తీసేస్తే చాలు. పేరు చూసి అర్థం కానిదాన్ని తీయకండి. రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ కలిసి చేసిన ఆటోరన్స్ ఉంటే అది ఏ ఫోల్డర్ నుంచి నడుస్తోందో, ఎవరు తయారుచేశారో కూడా చెబుతుంది.

మెనూ వేగం గురించి ఎవరూ పట్టించుకోని ఒక సొగసు చెబుతాను. స్టార్ట్ మెనూలో ఒక వరస మీద బాణం పెడితే పక్క మెనూ తెరుచుకోవడానికి కొంచెం ఆగుతుంది. ఆ ఆగడం 400 మిల్లీసెకన్లు. రిజిస్ట్రీలో మెనూషోడిలే అన్న పేరు ముందు ఆ అంకె ఉంటుంది. దాన్ని సున్నా చేయమని సలహాలు ఇస్తారు. చేసి చూశాను. మెనూలు మెరుపులా తెరుచుకున్నాయి, కానీ పక్క మెనూలో కింద ఉన్న ప్రోగ్రామ్ కోసం బాణాన్ని ఏటవాలుగా జరిపితే దారిలో తగిలిన వేరే వరస తెరుచుకుని నాకు కావలసింది మూసుకుపోయింది. ఆ విరామాన్ని ఊరికే పెట్టలేదు, చేతి వాటం చూసి పెట్టారు. 100 పెడితే వేగమూ దక్కుతుంది, చేయీ తప్పదు. రిజిస్ట్రీ జోలికి వెళ్లడం భయమైతే ట్వీక్‌యూఐలో దీనికి జరిపే మీట ఉంది. మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో భాగంగా ఇచ్చిన ఈ చిన్న పనిముట్టును మొదట రాసింది అక్కడి ఇంజనీరు రేమండ్ చెన్. షార్ట్‌కట్ ఐకాన్ మీది బాణం గుర్తు తీసేయడం దగ్గర నుంచి, మౌస్ ఎక్కడుంటే ఆ విండో చురుకయ్యేలా చేయడం దాకా, రిజిస్ట్రీలో చేయి పెట్టకుండా చేసుకోవచ్చు.

లూనా విసుగొస్తే వేరే వేషాలు వేయొచ్చు గానీ, ఎక్స్‌పీ మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న వేషాన్నే ఒప్పుకుంటుంది. బయటివి వేయడానికి యూఎక్స్‌థీమ్ అనే సిస్టమ్ ఫైలును మార్చేవారు. పాత యంత్రంలో ఆ సాహసం వద్దంటాను. 2005 మీడియా సెంటర్ ఎడిషన్‌తో వచ్చిన రాయల్ వేషం చక్కగా ఉంటుంది, సంతకం ఉంది కాబట్టి ఏ ఫైలూ మార్చనక్కర్లేదు. ర్యామ్ మరీ తక్కువైతే బూడిద రంగు క్లాసిక్‌కు వెళ్లండి. డెస్క్‌టాప్ బొమ్మ కూడా ఊరికే రాదు. 1024 అడ్డం, 768 నిలువు ఉన్న తెర నిండా రంగు బొమ్మ అంటే 3 ఎంబీ ర్యామ్. 64 ఎంబీ సిస్టమ్‌లో అది తక్కువేం కాదు. 1996లో కాలిఫోర్నియా సొనోమా ప్రాంతంలో చార్ల్స్ ఓరియర్ తీసిన ఆ పచ్చని గుట్ట ఫొటో నాకూ ఇష్టమే, 512 ఎంబీ ఉంది కాబట్టి ఉంచుకున్నాను.

మిగిలినవి గబగబా చెబుతాను. సీ డ్రైవ్‌లో కనీసం 15 శాతం ఖాళీ ఉంచండి, అంతకంటే తక్కువైతే ఎక్స్‌పీ డీఫ్రాగ్ తన పని పూర్తిగా చేయలేదు. మై డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, మూవ్ అని దాన్ని డీ డ్రైవ్‌కు మార్చండి, రేపు ఎప్పుడైనా ఫార్మాట్ కొట్టినా మీ ఫైళ్లు నిలుస్తాయి. సిస్టమ్ రిస్టోర్ డిస్క్‌లో 12 శాతం దాకా వాడుకుంటుంది, నాలుగైదు శాతానికి తగ్గించండి గానీ ఆపకండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో నెట్‌వర్క్ ఫోల్డర్లు, ప్రింటర్లు వెతికే టిక్కు తీసేస్తే మై కంప్యూటర్ వెంటనే తెరుచుకుంటుంది. పేజింగ్ ఫైలును మాత్రం ఎవరు చెప్పినా పూర్తిగా తీయకండి. రోజూ బూట్ కోసం ఎదురుచూడటం కష్టమైతే హైబర్నేట్ వాడండి. టర్న్ ఆఫ్ పెట్టెలో షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే స్టాండ్‌బై కాస్తా హైబర్నేట్‌గా మారుతుంది. అది తెరిచి ఉన్న పేజీతో సహా ర్యామ్‌ను డిస్క్ మీద రాసి కరెంటు ఆపేస్తుంది, మర్నాడు వదిలిన చోటే తెరుచుకుంటుంది.

ఈ ఓఎస్‌కు కంపెనీ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. 2017 మేలో వన్నాక్రై దాడి ప్రపంచమంతా చుట్టుముట్టినప్పుడు, మద్దతు ముగిసిన మూడేళ్లకు కూడా ఎక్స్‌పీ కోసం ప్రత్యేకంగా ఒక ప్యాచ్ విడుదల చేయాల్సి వచ్చింది. అప్పటికీ ఎన్నో యంత్రాలు దాని మీద నడుస్తున్నాయన్నమాట. అందుకే నా ఎక్స్‌పీకి నెట్ కేబుల్ లేదు. బ్యాంకు పనులు, మెయిళ్లు దానిలో చేయను, మీరూ చేయకండి. పాత ఫైళ్లు తెరవడానికి, కంపోజింగ్‌కు, పాత ప్రింటర్‌కు, పిల్లలకు కీబోర్డు అలవాటు చేయడానికి అది చాలు.

మీ ఇంట్లో మంచం కిందో, ఆఫీసు మూలనో ఇలాంటి సిస్టమ్ దుప్పటి కప్పుకుని ఉంటే పాతసామాన్ల వాడికి వేసేముందు ఒక సాయంత్రం దానికివ్వండి. ముందు ఫొటోలూ పేజ్‌మేకర్ ఫైళ్లూ రెండు చోట్ల కాపీ చేసుకోండి. కేబుల్ సరిచూసి, ప్రైమరీ ఐడీఈ ఛానెల్ తెరిచి ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర ఏం రాసి ఉందో చదవండి. ప్రీఫెచ్ ఫోల్డర్‌ను మాత్రం తెరిచి చూసి, అలాగే మూసేయండి.